లాకుల దాకా వెళ్ళినవాడు

ఏంటి బాబూ, ఇరవై వేలంటే ఇరవై వేలూ ఇచ్చేస్తావా? నంబరు చెప్పండి, ఫోన్లో కొట్టేస్తానంటావేంటి? కూర్చో ముందు. ఆ బల్ల మీద కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ కుర్చీ లాక్కో. కారు ఎక్కడ పెట్టావు, కాలవ లాకుల వంతెన దగ్గరా? అక్కడే పెట్టాలిలే, ఈ కాలవ గట్టు మీదకి ఆటో కూడా రాదు. నీ పేరేంటన్నావు, యుగంధరా. సరే. యానాం దగ్గర గోదారి ఒడ్డున రిసార్టు కడుతున్నావు, దానికి పాత బండి చక్రాలు కావాలి, గోడకి తగిలిస్తావు. బానే ఉంది. రెండెడ్లు లాగిన చక్రాలు గోడెక్కి కూర్చుంటాయి, వచ్చినవాళ్ళు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. మీ సరదా మీది, నాకేం. చక్రాలు, కాడి, ఎడ్ల మెడలో గంటలు, అన్నీ కలిపి ఇరవై వేలన్నాను. అన్నాననుకో. అంటే ఇమ్మని అర్థమా? ఇరవై అని ఎందుకన్నాను? నువ్వు ఎనిమిదంటావని. నువ్వు ఎనిమిదంటే నేను 'పొయ్యిలో పెట్టుకుంటాను గానీ ఎనిమిదికిస్తానా' అనాలి. నువ్వు లేవాలి, ఆ గుమ్మం దిగాలి. ఇలా రా బాబూ, పద్దెనిమిది చేసుకో అని నేననాలి. నువ్వు వెనక్కి తిరక్కుండానే పది అనాలి. ఈలోగా మా కోడలు చిన్నమ్మాయి కాఫీ తేవాలి, కాఫీ తాగుతూ మీ నాన్నెవరు, మీదే ఊరు అని ఓ పావుగంట మాట్లాడుకోవాలి, చివరికి ఏ పన్నెండు దగ్గరో చచ్చీచెడీ ఇద్దరం ఆగాలి. అప్పుడు ముసలాణ్ణి భలే దించానని నువ్వు వెళ్తావు, కుర్రాడి దగ్గర భలే లాగానని నేను పడుకుంటాను. ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఇప్పుడు నువ్వు ఇరవై నా మొహాన కొట్టి వెళ్ళిపోతే, ముప్పై అనాల్సింది అని రాత్రంతా నేను దొర్లుతూ ఉండాలా? ఇదేం మర్యాద?

మీ కాలం వాళ్ళకి అలవాటైపోయింది. పెద్ద షాపుకెళ్తారు, చొక్కాకి చీటీ వేలాడుతుంది, దాని మీద ఎంతుంటే అంత కట్టి వచ్చేస్తారు. మా మనవడు మొన్న కాకినాడ నుంచి బూట్లు తెచ్చాడు, రెండు వేల నాలుగొందల తొంభై తొమ్మిది. ఎంతకడిగావురా అంటే నవ్వుతాడు. అడగడమేంటి తాతయ్యా, ఫిక్స్‌డ్ రేటంటాడు. ఎవడు ఫిక్స్ చేశాడు, నువ్వున్నావా అక్కడ అన్నాను. వాడికి నా మాట అర్థం కాలేదు, అమ్మ దగ్గరికెళ్ళి తాతయ్య బూట్లు చూసి కోప్పడ్డాడని చెప్పాడు. ఆ యానాం వెళ్ళి చూడు. ఇంటి దగ్గర పెళ్ళాం తోటకూర కట్టకి రూపాయి ఎక్కువిచ్చిందని వీధంతా వినపడేలా అరిచేవాడు, అక్కడ మందు సీసా మీద అచ్చేసిన రేటు చూసి కిక్కురుమనకుండా కడతాడు. పైగా చవగ్గా వచ్చిందని పొంగిపోతాడు. చవకో కాదో అడిగితే కదా తెలిసేది. అదే భీమవరం వైపు వాళ్ళని చూడు. మీరు పెద్దవారండి, మీ మాట కాదనగలమా అండి అంటూనే వెయ్యి రూపాయల వస్తువుకి మూడొందలంటారు. చేతులు కట్టుకుని మరీ అంటారు. అక్కణ్ణించి పదిరూపాయలు కదలరు. అదీ పద్ధతంటే. మా ఆవిడ శ్యామలాంబ, పోయింది పాపం, ఒక ఇత్తడి బిందె మూడు సంతలు బేరమాడింది. మొదటి సంతలో అడిగింది, రెండో సంతలో తిట్టింది, మూడో సంతలో ఆ బిందెలవాడే ఇంటికి మోసుకొచ్చి ఇచ్చి, అన్నం తిని వెళ్ళాడు. వాడి కూతురి పెళ్ళికి మేమిద్దరం వెళ్ళాం తెలుసా? మీ బూట్ల కొట్టువాడు పిలుస్తాడా మిమ్మల్ని పెళ్ళికి?

నీలాంటివాణ్ణి నా జన్మలో ఇంకొక్కణ్ణే చూశాను. జీవరాజు మాస్టారని, ఇక్కడి మిషన్ స్కూల్లో మూడో తరగతికి చెప్పేవాడు. లాకులు దాటాక ఎడంచేతి వైపు లూథరన్ చర్చి ఉంది చూడు, దాని వెనకే ఉండేవాళ్ళు. పోయి ముప్పై ఏళ్ళవుతోంది. సన్నగా, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. ఎండైనా గొడుగే, వానైనా గొడుగే. మంచివాడు, మంచివాడు అంటారందరూ. నేననను. చేతకాని మనిషంటాను. వంకాయలు కేజీ ఎంతమ్మా అంటాడు, నాలుగు రూపాయలండి అంటుంది, నాలుగు రూపాయలూ తీసి చేతిలో పెట్టేస్తాడు. అంతే. కొసరు కూడా అడగడు. అసలు కొసరెవరికేస్తారు? రూపాయి తగ్గించమని అరగంట ప్రాణం తీసినవాడికి చివర్లో ఇంకో రెండు కాయలు పడతాయి. ఈయనకి తక్కెడ ముల్లు సరిగ్గా ఎక్కడ నిలబడితే అక్కడికే. కొనలేడనుకో, నా దగ్గర అంత లేదమ్మా అని గొడుగు తీసుకుని నడక. అమ్మేవాళ్ళకి ఎంత అవమానమో ఆలోచించడు. రేటు చెప్పినవాళ్ళని అలా నిలబెట్టేసి వెళ్ళిపోతే, వాళ్ళు మనుషులు కాదా?

వీరదుర్గ అని చేపలమ్మేది. గోదారి మీద వేటకెళ్ళే వాళ్ళ ఇంటి మనిషి, పెద్ద నోరు, గంప దించిందంటే కాలవ అవతలికి వినపడేది. ఒకరోజు మాస్టారికి బొమ్మిడాయిలు ఇరవై రూపాయలు చెప్పింది. పన్నెండుకి మించవు అవి. ఆయన ఇరవై ఇచ్చి లోపలికెళ్ళిపోయాడు. అది గంప ఎత్తుకుని తిన్నగా నా దగ్గరికొచ్చింది, ఏడుపు మొహం. 'ఇచ్చేసేడండి చిట్టియ్య గారూ. ఒక్క మాటైనా అన్లేదండి. ముప్పై అన్నా ఇచ్చేవోడేమోనండి' అని నెత్తి కొట్టుకుంటోంది. ఎనిమిది రూపాయలు ఊరికే వచ్చి పడ్డాయి దానికి, అయినా ఏడుపే. మర్నాడు పంతం పట్టింది, ఎలాగైనా ఆయన చేత బేరమాడించాలని నలభై చెప్పింది. ఆయన గంపలోకి చూసి, కొనలేనమ్మా అని లోపలికెళ్ళిపోయాడు. ఎంతకి కావాలో అడగండి మాస్టారూ అని ఇది గుమ్మం దగ్గర బతిమాలుతోంది. నలభై అన్నావు కదమ్మా, అది తప్పని నేనెలా అంటాను అన్నాడట. నెల్లాళ్ళు కొనలేదు. ఆఖరికి ఇదే దిగొచ్చింది. ఊరంతటికీ చెప్పే రేటొకటి, మాస్టారికి మాత్రం అసలు రేటు, పన్నెండంటే పన్నెండే. పైగా ఆయన అడక్కపోయినా నాలుగు చేపలు పైన వేసేది. పంతులు నిన్ను భలే బుట్టలో వేసుకున్నాడే అని నేను ఏడిపించేవాణ్ణి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చదువూ సంధ్యా లేని మనిషి, నెలరోజుల్లో నేర్చేసుకుంది.

నా సంగతి చెప్పలేదు కదూ. నలభై ఏళ్ళు పశువుల సంతలో దళారీ చేశాను. ప్రతి గురువారం సంత. ఇదిగో, ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే నా పాక ఉండేది, తాటాకుది. మా బేరాలు నువ్వు చూసి ఉండవు. తువ్వాలు కిందే జరిగేవి. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఒకే తువ్వాలు కింద ఉంటాయి, వేళ్ళతోనే మాట్లాడుకోవాలి. వేలు మొత్తం పట్టుకుంటే వెయ్యి, సగం నొక్కితే అయిదొందలు. చుట్టూ వందమంది ఉన్నా రేటెంతో ఎవడికీ తెలీదు. పైకి నీ పశువుకి పళ్ళే లేవురా అని తిట్టుకుంటూ ఉంటాం, కింద వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఆ రోజుల్లో సామర్లకోట స్టేషన్లో హర్యానా గేదెలు వ్యాగన్లోంచి దిగేవి. వాటితో పాటు ఒకాయన వచ్చేవాడు, ఇంతింత మీసాలు. నాకు హిందీ ముక్క రాదు, ఆయనకి తెలుగు ముక్క రాదు. తువ్వాలు పరిచామంటే అయిదు నిమిషాలు, గేదెలు చేతులు మారిపోయేవి, ఆ తర్వాత ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆయన నా మూడు వేళ్ళు పట్టుకుని మొహం చిట్లించాడంటే ఇంకో సగం వేలు దాచుకున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఎక్కడి హర్యానా, ఎక్కడి మనం. లాకుల అవతలే ఉంటూ చక్కగా తెలుగు మాట్లాడే మాస్టారితో మాత్రం ఒక్క గేదె బేరం చెయ్యలేకపోయాను. ఆయన తప్పే. ముమ్మాటికీ ఆయన తప్పే అంటాను.

ఎనభై ఎనిమిదిలో అనుకుంటా, జూన్ నెల, గురువారం పొద్దున్నే గేదెని తోలుకుని వచ్చాడు. ఒక చేత్తో పలుపుతాడు, ఒక చేత్తో గొడుగు. 'చిట్టియ్య గారూ, ఇది నాలుగు వేలండి. మూడో ఈత. పూటకి నాలుగు లీటర్లిస్తుంది. ఎడమవైపు వెనక చన్నులో ధార సన్నం, అది మీకు చెప్పాలి' అన్నాడు. ఇదేమైనా అమ్మే పద్ధతా? లోపం అమ్మేవాడే చెప్పడం నేనెక్కడా వినలేదు. లోపం వెతుక్కోవడం కొనేవాడి పని, దొరికితే అబ్బే, ఇందాకే దూడ కుడిచిందండి అని బుకాయించడం అమ్మేవాడి పని. పైకే ఇంత చెబుతున్నాడంటే లోపల ఇంకెంత దాస్తున్నాడో అని నాకు అనుమానం పట్టుకుంది. పళ్ళు చూశాను, గిట్టలు చూశాను, పిండి చూశాను, గట్టు మీద అటూ ఇటూ నడిపించాను. ఏమీ లేదు. నా లెక్కలో అయిదున్నర చేస్తుంది. రామచంద్రపురంలో ఒక పాల వ్యాపారి అలాంటిది కావాలని, అయిదున్నరిస్తానని నాలుగు రోజులుగా నాకు కబురు పెడుతున్నాడు కూడా. అయిదున్నర చేసేదాన్ని నాలుక్కిస్తున్నాడంటే ఇంకా అనుమానం రాదా? నాలుగన్నాడంటే ఎలాగూ మూడుకి దిగుతాడు, ఎవడైనా అంతే కదా. అందుకని రెండున్నర అన్నాను.

నాలుగు వేలండి అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టూ అనలేదు. నేను భుజం మీంచి తువ్వాలు తీశాను, చెయ్యి ఇటివ్వండి మాస్టారూ, మాట్లాడుకుందాం అన్నాను. ఆయన చెయ్యివ్వలేదు. 'గుడ్డ కింద చెప్పాల్సింది నా దగ్గరేం లేదండి' అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేను తువ్వాలు అలాగే పట్టుకుని, ఎంత నామోషీ అనుకున్నావు? ఒళ్ళు మండిపోయింది. పైకే మూడన్నాను. నాలుగు వేలండి. మూడూ రెండొందలన్నాను. నాలుగు వేలండి. మళ్ళీ అదే. ఒరే నాయనా, ఒక్క వంద దిగు, నలుగురిలో నా మొహం నిలబెట్టు అని లోపల అనుకుంటున్నాను. ఒక్క వంద దిగితే మూడూ తొమ్మిదొందలు అక్కడికక్కడే ఇచ్చేద్దును, మొలలోనే ఉన్నాయి డబ్బులు. దిగలేదు. అయితే తీసుకెళ్ళిపోండి మీ గేదెని అన్నాను. అలా అన్నానంటే వెళ్ళిపొమ్మని కాదు. ఈ రెండు జిల్లాల్లో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసది. ఆయన సరేనండి అని, నాకు నమస్కారం పెట్టి, పలుపు పట్టుకుని నడిచాడు.

అటు చూడు, ఇక్కణ్ణించి లాకుల దాకా అడ్డం ఏమీ లేదు. నీ కారు కూడా కనపడుతోంది, తెల్లదేగా? బేరం నచ్చక లేచినవాళ్ళంతా ఈ గట్టు మీదే వెళ్ళాలి. నలభై ఏళ్ళు చూశాను వాళ్ళ వీపులు. కొందరు పది అడుగులకే ఆగి చుట్ట వెలిగిస్తారు, మనం పిలవడానికి వీలుగా. కొందరు అదిగో ఆ తూము దగ్గర ఆగి పశువుకి నీళ్ళు పెడతారు. మరీ పంతమున్నవాడు లాకుల దాకా వెళ్తాడు, వంతెన ఎక్కేముందు వెనక్కి చూస్తాడు. లాకుల దాకా వెళ్ళినవాడు తిరక్కుండా ఉండడు. అది నా లెక్క, ఎప్పుడూ తప్పలేదు. అప్పుడు మనం చెయ్యూపాలి, వాడూ రావాలి, ఇద్దరి పరువూ దక్కుతుంది. పక్క పాకలో లోవరాజని నా తోటి దళారి ఉండేవాడు. పిలవరా, బంగారంలాంటి గేదె, నాలుక్కిస్తున్నాడంటే ఏంట్రా నీ చాదస్తం అన్నాడు. ఉండరా, ముందు పిలిస్తే లోకువైపోతాం అన్నాను. మాస్టారు తూము దాటాడు. ఎండ ఎక్కువగా ఉందేమో, గొడుగు విప్పాడు. లాకుల దగ్గరికి వెళ్ళాడు, వంతెన ఎక్కాడు, దిగాడు, చర్చి వైపు తిరిగిపోయాడు. వెనక్కి చూస్తే ఒట్టు.

అసలు మీలాంటి వాళ్ళకి ఎదటివాడి బాధ తెలీదు. మాట అనేసి వెళ్ళిపోతారు. వెనకాల ఉన్నవాడు ఎదురు చూస్తూ కూర్చోవాలి. కాఫీ తాగు, చల్లారిపోతోంది. చిన్నమ్మాయి కాఫీలో పంచదార తక్కువేస్తుంది, నాకు షుగరని ఊరందరికీ అదే కాఫీ. ఏం చెబుతున్నాను? ఆఁ, సంతలో ఒక కట్టుబాటుంది. ఒక దళారి బేరంలో ఉన్న పశువుని ఇంకో దళారి అడక్కూడదు. వాడు వదిలేశానని నోటితో అనాలి. అంటేనే ఇంకొకడు చెయ్యి వెయ్యాలి. ఆ సాయంత్రం మాస్టారు ఇంకో ఇద్దరి దగ్గరికి గేదెని తోలుకెళ్ళాడట. చిట్టియ్య వదిలేశాడా అని అడిగారు వాళ్ళు. ఎవడైనా ఏమంటాడు? ఆఁ వదిలేశాడంటాడు. ఒక్క అబద్ధం, ఎవడికీ నష్టం లేనిది. ఈయన, ఆ మాట నాతో అనలేదండి అన్నాడట. ఇంక వాళ్ళెలా ముట్టుకుంటారు చెప్పు. శుక్రవారం సాయంత్రం లోవరాజు నా దగ్గరికే వచ్చాడు. ఆ గేదెని వదిలేశావా, నా దగ్గర నాలుక్కి మనిషున్నాడన్నాడు. వదల్లేదు, రేపు పొద్దున్న ఆయనే వస్తాడు చూడు అన్నాను. వదిలేశానంటే నా సొమ్మేం పోయేది కాదు. ఒక్క మాట. కానీ వస్తాడని నాకు గట్టి నమ్మకం. శనివారం పొద్దున్నే స్నానం చేసి, నాలుగు వేలూ మొలలో పెట్టుకుని లాకుల వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగూ ఇచ్చేద్దామనే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు, వచ్చి ఒక్కసారి నిలబడితే చాలనుకున్నాను. మధ్యాహ్నం శ్యామలాంబ అన్నానికి పిలిచినా లేవలేదు.

ఆదివారం వీరదుర్గ వచ్చింది. గంప కూడా లేదు నెత్తి మీద. నీకు బుద్ధుందా అంది. ఎప్పుడూ చిట్టియ్య గారూ, చిట్టియ్య గారూ అనే మనిషి, నువ్వు అనేసింది. మాస్టారి కూతురు రెబెక్కాకి ఏదో మిషనాసుపత్రిలో నర్సు ట్రైనింగు సీటు వచ్చిందట. శనివారం మధ్యాహ్నం లోపల నాలుగు వేలు కట్టాలి. కట్టలేదు. సీటు ఇంకో పిల్లకి ఇచ్చేశారు. పదిహేడేళ్ళ పిల్ల, ట్రంకు పెట్టె కూడా సర్దుకుందట. ఇప్పుడు చెప్పు, ఇందులో నా తప్పేముంది? నాకు చెప్పాడా? ఇంత నోరున్న మనిషి, క్లాసులో గంటలు గంటలు చెబుతాడు, నా కూతురికి సీటొచ్చిందండి, శనివారం లోపల కావాలండి అని ఒక్క ముక్క అనలేడా? అదే అడిగేద్దామని వెళ్ళాను, డబ్బు పట్టుకుని. ఆయన అప్పుడే చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాలుగు వేలు తెచ్చానండి అన్నాను. ఇప్పుడు అమ్మడం లేదండి అన్నాడు. నాలుగున్నర అన్నాను. అయిదన్నాను. అయిదున్నర అన్నాను, పాల వ్యాపారి నాకిచ్చేదంతా. ఆయన వింటూ కూర్చున్నాడు. అవతలివాడు పలక్కుండా నేనొక్కణ్ణే ఆడిన బేరం అదొక్కటే. నాకు తిక్క రేగింది. ముందే చెప్పచ్చు కదండీ అని అరిచాను.

'అవసరం చెబితే మీరు ఎక్కువిచ్చేవారా, తక్కువిచ్చేవారా?' అన్నాడు.

అవసరముందని తెలిస్తే రెండు వేలకి దించేవాణ్ణి. అది మా వృత్తి. అది ఆయనకీ తెలుసు. ఆ తర్వాత నెమ్మదిగా, పిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. 'మా నాన్న కోతలకెళ్ళేవాడండి. రెండు కుంచాల ధాన్యమని పొద్దున్న చెప్పి, రోజంతా కోయించుకుని, సాయంత్రం కామందు కుంచమున్నర కొలిచేవారు. మా నాన్న రెండో మాట అనకూడదు. అంటే మర్నాడు పనుండదు. బేరమంటే రెండు పక్కలా మాటుండాలి కదండీ. మా ఇంటికి అది ఎప్పుడూ ఒక పక్క నుంచే వచ్చింది. అందుకని నేనెవరితోనూ ఆడను' అన్నాడు. పెద్ద మాటలు. నేనేమన్నా కామందునా? గేదెల దళారిని, ఈయనలాగే ఒక పూట తిని ఒక పూట తినకుండా పెరిగినవాణ్ణి. నాకెందుకు చెప్పాలి ఆ కథ? రెబెక్కా మజ్జిగ తెచ్చింది, ఆ గేదె పాలదే. తీసుకోండి అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో కోపమేమీ లేదు. తాగాను. తాగకుండా ఎలా వస్తాను, ఆడపిల్ల తెచ్చి ఇస్తే.

ఆ పిల్ల మర్నెల రొయ్యల షెడ్డులో చేరింది. ఐసులో చేతులు పెట్టి పొట్టు వలవడం, బుట్టకింత అని. ఇరవై ఆరేళ్ళు వలిచింది. పొద్దున్న కంపెనీ వ్యాను ఎక్కడానికి ఈ గట్టు మీదే వెళ్ళేది, బాగున్నారా అండి అనేది రోజూ. రోజూ అనేది. వేళ్ళు చూసేవాణ్ణి, తెల్లగా నానిపోయి, గోళ్ళ పక్కన చీలికలు. ఆ తండ్రి పంతానికి పిల్ల బతుకు అలా అయిపోయింది. ఇలా అంటే వీరదుర్గ నన్ను కొట్టడానికి వచ్చేది. నీ పంతమా ఆయన పంతమా అనేది. దానికేం తెలుసు. మరుసటేడు ఇంకో సీటుకి రాయించమని నేను మాస్టారికి కబురు పెట్టాను, డబ్బు నేనిస్తానని కూడా పెట్టాను. ఆయన రాయించలేదు. రాయిస్తే నేను గెలిచినట్టని కాబోలు. కాదులే, ఆ ఏడు అక్కడ సీట్లే లేవన్నారు. ఏదో ఒకటి.

తుఫాను వచ్చిన ఏడు పోయాడు మాస్టారు. వెళ్ళాను. డేనియల్ అని వడ్రంగి పెట్టె చేసి తెచ్చాడు, తొమ్మిదొందలన్నాడు. ఆ చెక్క, ఆ పనితనం, ఆరొందలకి మించదు. అలవాటు చొప్పున నోరు తెరిచాను, ఏంటి డేనియలూ, తొమ్మిదేంటి అని. రెబెక్కా ఏడుస్తున్నదల్లా తలెత్తి నా వైపు చూసింది. 'వద్దండి. నాన్న ఒప్పుకోరు' అంది. తొమ్మిదొందలూ లెక్కపెట్టి ఇచ్చేసింది. రొయ్యల డబ్బులు. నేను అక్కణ్ణించి వచ్చేశాను, మట్టి వెయ్యడానికి కూడా ఉండలేదు. ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది ఆవిడ, చర్చి వెనకే. మొన్న కూడా కనపడింది. బాగున్నారా అండి అంది. ఛ. ఎవరు నేర్పారో వీళ్ళకి.

ఏంటి, లేచావు? ఫోనా? మాట్లాడుకో, మాట్లాడుకో. ఏంటి, సిమెంటు లారీ వచ్చేసిందా, ఇప్పుడే వెళ్ళాలా? వెళ్ళు మరి. నంబరా? నంబరు చెప్పనన్నాగా. ఊరికే ఇచ్చే ఇరవై నాకక్కర్లేదు. ఎంతకిస్తావు తాతా అని ఒక్క మాట అడుగు, పట్టుకెళ్ళు. అడగవా? ఎందుకు సార్ మీరు చెప్పారుగా అంటావా? చెప్పాను. అయితే తీసుకెళ్ళకు. చక్రాలెక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి, నువ్వే వస్తావు. వెళ్ళిరా.

చిన్నమ్మాయ్, ఆ గ్లాసు తీసెయ్యమ్మా, సగం వదిలేశాడు. వెళ్ళనీ. ఎక్కడికి వెళ్తాడు, తూము దగ్గర తిరుగుతాడు చూడు. కాదా? దాటేశాడా? ఫోను చెవిలో పెట్టుకున్నాడుగా, అందుకని. లాకుల దగ్గర చూస్తాడులే. కారు దాకా వెళ్ళాక ఒకసారి ఇటు చూస్తాడు, ఎవడైనా చూస్తాడు. ఏదీ, నా కళ్ళద్దాలు. తలుపు తీస్తున్నాడా?

బాబూ! యుగంధర్ గారూ! ఆగండి. పన్నెండుకి తీసుకెళ్ళండి. పోనీ పదివ్వండి. మిమ్మల్నేనండి, నేనే పిలుస్తున్నాను.